వీధిలో ఆగిందా, గడప దగ్గర ఆగిందా: డేటాబేస్ కనెక్షన్ లోపాలను చదివే పద్ధతి

శనివారం రాత్రి పదకొండు దాటాక మారతహళ్లిలోని ఒక పీజీ గదిలో, అనంతపురం నుంచి వచ్చి ఏడాదైనా నిండని ఒక కుర్ర ఇంజినీరు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతాండా అన్నా, అయినా తీసుకుంటా లేదు" అని తన సీనియరుకు చెబుతున్న సందర్భాన్ని తీసుకుందాం. బెంగళూరులో సర్వర్లు చూసుకునే తెలుగువారిలో ఇలాంటి రాత్రి ఎరగనివారు తక్కువ. సంస్థ వారి లినక్స్ యంత్రాలకు ఆ సాయంత్రం అప్‌డేట్లు వేశారు. అప్లికేషన్ నడిచే యంత్రాన్ని అదే ఊపులో కొత్త సబ్‌నెట్‌లోకి, అంటే నెట్‌వర్క్‌లోని వేరే చిరునామాల గుంపులోకి, మార్చారు. అన్నీ తిరిగి లేచాక బిల్లింగ్ అప్లికేషన్ మాత్రం మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వర్‌తో కలవడం లేదు. తెర మీద 1045 నంబరు లోపం కనిపిస్తోంది: 'బిల్లింగ్'@'10.20.2.17' అనే యూజర్‌కు ప్రవేశం లేదు, పాస్‌వర్డ్ వాడారా అంటే 'ఎస్'.

ఇలాంటప్పుడు చేతికి ముందుగా వచ్చే పని పాస్‌వర్డ్ మార్చడం. 11:20కి అతడు డేటాబేస్‌లోకి రూట్‌గా (అన్ని హక్కులున్న ఖాతాతో) వెళ్లి, ఆల్టర్ యూజర్ కమాండ్‌తో బిల్లింగ్ యూజర్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టి, దాన్నే అప్లికేషన్ కాన్ఫిగరేషన్‌లో రాశాడు. లోపం పోలేదు. పైగా 11:50 కల్లా, అంతవరకు చక్కగా నడుస్తున్న మరో మూడు సర్వీసులు కూడా అదే 1045 చూపించసాగాయి. ఒక్క లోపం నాలుగైంది. ఈ అరగంట ఎక్కడి నుంచి వచ్చిందో, అసలు కారణం ఏమిటో ఆ మొదటి సందేశంలోనూ సర్వర్ పనితీరులోనూ ముందే ఉన్నాయి. చదివే పద్ధతి తెలియకపోవడం వల్లే అవి కనబడలేదు.

డేటాబేస్ కనెక్షన్ అనేది ఒక్క అంగలో జరిగే పని కాదు. సర్వర్ ప్రాసెస్ నడుస్తూ ఉండాలి, పేరు సరైన ఐపీ చిరునామాగా మారాలి, ఆ చిరునామాకు దారి ఉండాలి, పోర్టు మీద ఎవరో ఒకరు వింటూ ఉండాలి, ఆ తర్వాత సర్వర్ వచ్చినవారి పేరూ వచ్చిన చోటూ చూసి ఒక ఖాతాను ఎంచుకోవాలి, ఆ ఖాతాకు నిర్ణయించిన పద్ధతిలో రహస్యాన్ని పరీక్షించాలి, చివరికి అడిగిన డేటాబేస్ మీద హక్కు ఉందో లేదో చూడాలి. లోప సందేశం చెప్పేది వీటిలో ఏ మెట్టు దగ్గర ఆగామనే. అందుచేత "ప్రవేశం లేదు" అన్న జవాబును ఒక విధంగా శుభవార్తగానే తీసుకోవాలి. నెట్‌వర్క్ బాగుంది, ఫైర్‌వాల్ అడ్డు లేదు, సర్వర్ బతికే ఉంది, మన పేరు చదివింది, చదివిన తర్వాతే కాదంది. ఆ జవాబు వచ్చాక ఫైర్‌వాల్ నియమాలు కెలకడం ఎంత వృథానో, ఆ జవాబు రాకముందు పాస్‌వర్డ్ మార్చడమూ అంతే వృథా.

గడప దాకా రాని పిలుపు

మైఎస్‌క్యూఎల్‌లో 2002, 2003 నంబర్లు కనిపించాయంటే మాట ఇంకా పాస్‌వర్డ్ దాకా వెళ్లలేదని అర్థం. 2002 ప్రధానంగా అదే యంత్రంలోని ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సాకెట్ ఫైలుకు సంబంధించింది, 2003 నెట్‌వర్క్ మీద టీసీపీకి సంబంధించింది. చాలామంది చూడకుండా వదిలేసేది ఆ సందేశం చివర బ్రాకెట్లలో ఉండే చిన్న అంకెను. అది మైఎస్‌క్యూఎల్ సొంత అంకె కాదు, వ్యవస్థ మూల భాగమైన లినక్స్ కెర్నల్ ఇచ్చిన జవాబు. 2 అయితే ఆ సాకెట్ ఫైలే లేదు. 13 అయితే ఉంది గానీ తాకడానికి అనుమతి లేదు. 111 అయితే తలుపు తట్టాము కాని లోపల వినేవారు లేరు. 110 అయితే తట్టిన చప్పుడుకు ఏ జవాబూ రాలేదు. 113 అయితే అక్కడికి దారి లేదు. మైఎస్‌క్యూఎల్‌తో పాటే వచ్చే పీఎర్రర్ అనే చిన్న ఉపకరణానికి అంకె ఇస్తే అర్థం చెబుతుంది కాబట్టి ఇవి కంఠస్థం చేయనక్కరలేదు.

111కూ 110కీ ఉన్న తేడా పని చేసేవారికి చాలా విలువైనది. వెంటనే తిరస్కారం వచ్చిందంటే మనం పంపిన నెట్‌వర్క్ పొట్లం (ప్యాకెట్) అవతలి యంత్రం దాకా వెళ్లి తిరిగొచ్చిందన్నమాట. సాధారణంగా డేటాబేస్ ఆగిపోయి ఉంటుంది, లేదా 127.0.0.1, అంటే తన యంత్రం లోపలి చిరునామా, మీద మాత్రమే వింటూ ఉంటుంది. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల్లో బైండ్ అడ్రస్ (వినే చిరునామా) 127.0.0.1గా రావడం మామూలే కాబట్టి కొత్త సర్వర్లలో మొదట చూడవలసింది అదే. అలాకాక చాలాసేపు కదలకుండా ఉండి, చివరకు సమయం మించిపోయిందని వస్తే, మధ్యలో ఎవరో పొట్లాన్ని చప్పుడు లేకుండా పారేస్తున్నారు. క్లౌడ్‌లో ఫైర్‌వాల్‌గా ఉండే సెక్యూరిటీ గ్రూపులు చేసే పని సరిగ్గా ఇదే. దారి లేదన్న 113 మరీ మోసం చేస్తుంది. రూటింగ్‌లో తప్పుందని గంటలు గంటలు వెతుకుతారు, తీరా చూస్తే రెడ్‌హ్యాట్ కుటుంబపు యంత్రంలో ఫైర్‌వాల్‌డీ అనే ఫైర్‌వాల్ ప్రోగ్రాము పంపిన నిషేధ సందేశమే ఆ రూపంలో కనిపిస్తూ ఉంటుంది.

సర్వర్ యంత్రం మీద కూర్చుని 'ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ' కొడితే ఏ ప్రాసెస్ ఏ చిరునామా మీద, ఏ పోర్టు మీద వింటోందో ఒక్క తెరలో కనిపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ పోర్టు 3306 పక్కన 127.0.0.1 ఉందా, 0.0.0.0 (అన్ని చిరునామాలు) ఉందా అన్నది చూస్తే సగం వాదన అక్కడికక్కడే తేలిపోతుంది. ప్రాసెస్ అసలు లేకపోతే సర్వీసుల స్థితి చెప్పే సిస్టమ్‌సీటీఎల్, లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్ కొట్టి చూడాలి. డిస్కు నిండిపోవడమో, మెమరీ చాలక కెర్నల్ దాన్ని చంపేయడమో తరచుగా కనిపించే కారణాలు. డేటా డైరెక్టరీని కొత్త డిస్కుకు మార్చి ఉబుంటులో ఏ ప్రోగ్రాము ఏ ఫైళ్లను తాకవచ్చో నిర్ణయించే యాప్‌ఆర్మర్ ప్రొఫైల్‌ను మరిచిపోవడం మరొకటి. 13 అంకె వచ్చినచోట, ఫైలు అనుమతులన్నీ సరిగ్గా ఉన్నా పని జరగకపోతే అలాంటి కాపలాయే అయిన ఎస్‌ఈలినక్స్‌ను అనుమానించాలి. రెడ్‌హ్యాట్ తరహా వ్యవస్థల్లో వెబ్ సర్వర్ ప్రాసెస్ నెట్‌వర్క్ మీద డేటాబేస్‌తో మాట్లాడటానికి 'హెచ్‌టీటీపీడీ కెన్ నెట్‌వర్క్ కనెక్ట్ డీబీ' అన్న స్విచ్చును తెరవాలి. ఎస్‌ఈలినక్స్ మొత్తాన్ని ఆపేయమనే సలహా విరివిగా దొరుకుతుంది. ఒక్క గదికి తాళంచెవి కావాలంటే ఇంటి గోడ పడగొట్టమన్నట్టుంది అది, పాటించకూడదు.

లోకల్‌హోస్ట్ అన్న మాట మీద ఒక హెచ్చరిక అవసరం. లినక్స్ మీది మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌కు లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1 కాదు, సాకెట్ ఫైలు. ఉబుంటులో ఆ ఫైలు మైఎస్‌క్యూఎల్‌డీ రన్ డైరెక్టరీలో ఉంటే, రెడ్‌హ్యాట్ తరహాలో మైఎస్‌క్యూఎల్ డేటా డైరెక్టరీలో ఉంటుంది. ఒకచోట కంపైల్ చేసిన క్లయింట్ మరోచోట ఆ ఫైలు కోసం వెతికి 2002 ఇవ్వడంలో ఆశ్చర్యం లేదు. కంటైనర్లలో (డాకర్ లాంటివి అప్లికేషన్‌ను విడిగా పెట్టి నడిపే పెట్టెల్లో) ఈ మాట ఇంకా చిక్కు తెస్తుంది. కంటైనర్ లోపలి నుంచి లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, పక్క కంటైనర్‌లోని డేటాబేస్ కాదు. ఆ కంటైనర్లను వర్ణించే కంపోజ్ ఫైలులో సర్వీసుకు ఏ పేరు పెట్టారో ఆ పేరుతోనే పిలవాలి.

పేరు ఒకటే, ఖాతాలు వేరు

మన కుర్ర ఇంజినీరు దగ్గరికి తిరిగి వస్తే, అతడు కనిపెట్టలేకపోయినది సందేశంలోని @ గుర్తు తర్వాతి భాగం. మైఎస్‌క్యూఎల్‌లో ఖాతా అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ చోటూ కలిసినది. ఊళ్లో ఇద్దరు వెంకటేశులుంటే మనం ఇంటిపేరుతో వేరు చేసుకున్నట్టు, 'బిల్లింగ్'@'10.20.1.%' ఒక ఖాతా (% ఉన్నచోట ఏదైనా సరిపోతుంది), 'బిల్లింగ్'@'లోకల్‌హోస్ట్' పూర్తిగా వేరే ఖాతా. వాటి పాస్‌వర్డ్‌లు వేరుగా ఉండవచ్చు, హక్కులు వేరుగా ఉండవచ్చు. ఆ సంస్థలో ఉన్నది 10.20.1.% ఖాతా ఒక్కటే. అప్లికేషన్ యంత్రం ఆ సాయంత్రం 10.20.2.17కు మారింది. అంటే సర్వర్ దృష్టిలో ఆ చోటు నుంచి వచ్చే బిల్లింగ్ అనే మనిషే లేడు.

అలాంటప్పుడు "ఈ హోస్ట్‌కు అనుమతి లేదు" అనే 1130 రావాలి కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ చిరునామాకు సరిపోయే ఖాతా ఒక్కటి కూడా లేనప్పుడే 1130 వస్తుంది. పర్యవేక్షణ కోసమో మరి దేనికో 'మానిటర్'@'%' లాంటి ఖాతా ఒకటి ఉందనుకుంటే, ఏ హోస్ట్ నుంచైనా గడప దాటే వీలుంది కాబట్టి సర్వర్ 1130 ఇవ్వదు, 1045 ఇస్తుంది. యూజర్ లేడని గానీ, పాస్‌వర్డ్ తప్పని గానీ విడదీసి చెప్పదు. బయటివారు ఊహించి ఖాతాల పేర్లు పట్టుకోకుండా ఉండటానికి అది అవసరం, కానీ సరిచేసేవారికి అదే చిక్కు.

ఒకటి కంటే ఎక్కువ ఖాతాలు సరిపోయినప్పుడు మైఎస్‌క్యూఎల్ చోటు విషయంలో అన్నిటికంటే నిర్దిష్టమైనదాన్ని ముందు చూస్తుంది. మొదట సరిపోయినదాన్నే పట్టుకుంటుంది, అక్కడ పాస్‌వర్డ్ కుదరకపోతే రెండోదానికి వెళ్లదు. పాత వెర్షన్లలో లోకల్‌హోస్ట్ మీద పేరులేని ఖాతా ఒకటి ఉండి, % ఖాతాల పాస్‌వర్డ్‌లను పనికిరాకుండా చేసేది. లోపలికి వెళ్లగలిగిన ఏ సందర్భంలోనైనా యూజర్, కరెంట్ యూజర్ అనే రెండు ఫంక్షన్ల విలువలను పక్కపక్కన అడగడం మంచి అలవాటు. మొదటిది మనం ఎవరిమని చెప్పుకున్నామో చెబుతుంది, రెండోది సర్వర్ మనల్ని ఎవరిగా లెక్కించిందో చెబుతుంది. సందేహాల్లో చాలావరకు ఆ రెండింటి మధ్య తేడాలోనే ఉంటాయి.

రూట్ సంగతి ఇంకొక రకం. ఉబుంటు మీద మైఎస్‌క్యూఎల్ వేసుకున్నవారు రూట్‌కు ఎన్ని పాస్‌వర్డ్‌లు కొట్టినా 1698 నంబరుతో నిరాకరణ రావడం చూస్తారు. అక్కడ రూట్ ఖాతాకు ఆథ్ సాకెట్ అనే పద్ధతి ఉంటుంది. అది పాస్‌వర్డ్ అడగదు, లినక్స్‌లో మీరు నిజంగా రూటేనా అని కెర్నల్‌ను అడుగుతుంది. సుడోతో పిలిస్తే నేరుగా లోపలికి పంపుతుంది. మరియాడీబీ 10.4 నుంచి ఇలాంటి ఏర్పాటే తెచ్చింది. దీన్ని లోపంగా భావించి పాస్‌వర్డ్ పద్ధతికి మార్చేయడం కంటే అలాగే ఉంచి, అప్లికేషన్‌కు వేరే ఖాతా చేసుకోవడమే మేలు. అప్లికేషన్ రూట్‌గా కలవవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు.

దారిలో మారిపోయే పాస్‌వర్డ్

నిజంగా పాస్‌వర్డ్ దగ్గరే ఆగినప్పుడు కూడా, మనిషి తప్పు గుర్తుపెట్టుకోవడం కంటే, సరైన పాస్‌వర్డ్ దారిలో రూపు మారడమే ఎక్కువ. సందేశంలో "పాస్‌వర్డ్ వాడారా: నో" అని ఉంటే ఆలోచించనక్కరలేదు, క్లయింట్ ఏమీ పంపలేదు. షెల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్‌ను, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింద నడిచే సర్వీసు చూడదు, బ్యాష్‌ఆర్‌సీ ఫైలును అది చదవదు. చేత్తో నడిపితే పనిచేసి, సర్వీసుగా నడిపితే ఆగిపోయే అప్లికేషన్‌లో తొలి అనుమానం అక్కడే పెట్టుకోవాలి.

"ఎస్" అని వచ్చినప్పుడు పని మొదలవుతుంది. కమాండ్ లైను మీద డబుల్ కోట్స్ మధ్య రాసిన డాలర్ గుర్తును షెల్ వేరియబుల్‌గా చదివి మింగేస్తుంది, ఆశ్చర్యార్థకాన్ని పాత కమాండ్లకు సూచనగా తీసుకుంటుంది. సింగిల్ కోట్స్ పెడితే ఈ రెండు బాధలూ ఉండవు. మైఎస్‌క్యూఎల్ ఆప్షన్ ఫైలులో # నుంచి వ్యాఖ్య మొదలవుతుంది కాబట్టి, పాస్‌వర్డ్ మధ్యలో # ఉండి కోట్స్ లేకపోతే సగం పాస్‌వర్డే వెళుతుంది. కనెక్షన్‌ను యూఆర్‌ఎల్ రూపంలో రాసేచోట @ ఉంటే దాని తర్వాతిదంతా హోస్ట్ పేరుగా మారే ప్రమాదముంది, అందుకే దాన్ని %40గా రాయాలి. అదే % గుర్తు, వేళకు పనులు నడిపే క్రాన్‌ట్యాబ్‌లో కొత్త లైనుగా మారుతుంది, సిస్టమ్‌డీ యూనిట్ ఫైలులో ప్రత్యేక సంకేతంగా మారుతుంది. కంపోజ్ ఫైలులో ఒక డాలర్ కావాలంటే రెండు రాయాలి. ఒకే పాస్‌వర్డ్‌ను ఐదుచోట్ల ఐదు రకాలుగా రాయవలసి రావడం ఎంత ప్రయాసో అనుభవించినవారికి తెలుసు. అందుకే ప్రత్యేక గుర్తులు కుక్కి పన్నెండు అక్షరాలు పెట్టేకంటే, అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉన్న ముప్పై రెండు అక్షరాల పాస్‌వర్డ్‌ను యంత్రం చేత తయారు చేయించడం భద్రతలో తక్కువ కాదు, తలనొప్పిలో మాత్రం చాలా తక్కువ.

మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లో -పీ తర్వాత ఖాళీ వదిలి పాస్‌వర్డ్ రాస్తే అది దాన్ని పాస్‌వర్డ్‌గా తీసుకోదు. డేటాబేస్ పేరు అనుకుని, పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. అడిగినప్పుడు సరిగ్గా కొట్టినా, ఆ పేరు గల డేటాబేస్ లేదని 1049 వస్తుంది, లేదా దాని మీద హక్కు లేదని 1044 వస్తుంది. ఆ రెండు నంబర్లూ పాస్‌వర్డ్ మెట్టు దాటేశామనే చెబుతున్నాయి.

కంటికి కనిపించని అక్షరాలు ఇంకా కష్టపెడతాయి. విండోస్‌లో సేవ్ చేసిన ఎన్వ్ (అమరికల) ఫైలులో ప్రతి లైను చివరా ఒక క్యారేజ్ రిటర్న్ ఉంటుంది. లినక్స్ దాన్ని పాస్‌వర్డ్‌లో భాగంగా తీసుకుంటుంది. 'క్యాట్ -ఏ' తో చూస్తే లైను చివర టోపీ గుర్తూ దాని పక్కన ఎమ్ అక్షరమూ కనిపిస్తాయి. ఎకోతో ఫైలులోకి రాసిన పాస్‌వర్డ్ చివర కొత్త లైను చేరుతుంది. కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌లో రహస్యాలు ఉంచే సీక్రెట్ కోసం బేస్64 రూపంలోకి మార్చేటప్పుడు ఎకోకు -ఎన్ పెట్టకపోతే ఆ కొత్త లైను కూడా రహస్యంలో కలిసిపోతుంది. వాట్సాప్‌లో పంపిన పాస్‌వర్డ్‌కు ఫోను కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేసి ఉండవచ్చు. ఇవి కాక తెలుగువారికి ప్రత్యేకమైనది ఒకటుంది. లినక్స్ డెస్క్‌టాప్‌లో తెలుగు కీబోర్డు లేఔట్ ఆన్‌లో ఉండగా టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడితే, తెర మీద ఏమీ కనిపించదు కాబట్టి, తప్పు లిపిలో కొట్టామని తెలిసే దారే లేదు. రెండుసార్లు విఫలమయ్యాక లేఔట్ గుర్తును ఒకసారి చూడటం మంచిది.

డాకర్ వాడేవారిని పదేపదే ముంచే చిక్కును వేరుగా చెప్పాలి. మైఎస్‌క్యూఎల్, మరో డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌లలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా ఇచ్చే పాస్‌వర్డ్, డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే అమలవుతుంది. ఆ తర్వాత వాల్యూమ్‌లో (కంటైనర్ పోయినా డేటా నిలిచే చోట) డేటా ఉంటే, ఆ వేరియబుల్‌ను ఎన్నిసార్లు మార్చి కంటైనర్‌ను ఎన్నిసార్లు లేపినా లోపలి పాస్‌వర్డ్ పాతదే. "వాల్యూమ్ తీసేస్తే సరిపోతుంది" అన్న సలహా నిజంగానే లోపాన్ని పోగొడుతుంది, దానితోపాటు డేటా మొత్తాన్ని పోగొడుతుంది. లోపలికి వెళ్లి ఆల్టర్ యూజర్ చేయడమే సరైన దారి.

పాస్‌వర్డ్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియనప్పుడు మరో చోటు చూడాలి. సుడోతో నడిపితే రూట్ హోమ్ డైరెక్టరీలోని ఆప్షన్ ఫైలును క్లయింట్ చదవవచ్చు. ఎప్పుడో ఎవరో లాగిన్ వివరాలతో చేసిపెట్టిన మైలాగిన్ ఫైలు ఉంటే, నో-డిఫాల్ట్స్ అన్న ఆప్షన్ ఇచ్చినా అది చదువుతూనే ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్‌లో నియమాల వరుస

పోస్ట్‌గ్రెస్‌లో గడప దగ్గరి కాపలా పీజీ-హెచ్‌బీఏ అనే ఫైలు. అందులోని లైన్లను పైనుంచి కిందికి చదువుతుంది. కనెక్షన్ రకం, డేటాబేస్, యూజర్, చిరునామా నాలుగూ సరిపోయిన మొదటి లైను దగ్గర ఆగుతుంది, అక్కడ ఓడిపోతే తర్వాతి లైను చూడదు. పైన పీర్ పద్ధతి లైను ఉండగా, ఫైలు అడుగున పాస్‌వర్డ్ పద్ధతితో కొత్త లైను చేర్చి, రీలోడ్ చేసి, ఇంకా "పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" వస్తోందని వాపోవడం ఈ కారణంగానే. పీర్ అంటే లినక్స్ యూజర్ పేరూ డేటాబేస్ యూజర్ పేరూ ఒకటై ఉండాలన్న షరతు. అక్కడ పాస్‌వర్డ్‌కు చోటే లేదు. ఫైలులో రాసింది సర్వర్ ఎలా అర్థం చేసుకుందో, ఏ లైనులో తప్పుందో పీజీ-హెచ్‌బీఏ-ఫైల్-రూల్స్ అనే వ్యూ చూపిస్తుంది. ఈ సదుపాయం 10వ వెర్షన్ నుంచి ఉంది, అయినా దాన్ని వాడేవారు తక్కువగానే కనిపిస్తారు.

పోస్ట్‌గ్రెస్ క్లయింట్‌కు "పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అని మాత్రమే చెప్పి, అసలు సంగతిని తన లాగ్‌లో రాసుకుంటుంది. ఆ పేరుతో రోల్ (పోస్ట్‌గ్రెస్‌లో ఖాతా) అసలు ఉందా లేదా, ఉన్నా పాస్‌వర్డ్ పెట్టలేదా, గడువు తీరిందా, ఏ లైను నియమం వర్తించింది అన్నవన్నీ అక్కడ ఉంటాయి. లాగ్ తెరవకుండా పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ లోపాన్ని వెతకడం చీకట్లో సూది వెతకడమే.

పాస్‌వర్డ్ దాచే పద్ధతి మారడం వల్ల వచ్చే చిక్కులు కూడా తక్కువ కాదు. స్క్రామ్-షా-256 అనే కొత్త పద్ధతి 2017లో 10వ వెర్షన్‌తో వచ్చింది, 2021లో 14వ వెర్షన్ నుంచి డిఫాల్ట్ అయింది. నియమం పాత పద్ధతి అయిన ఎండీ5 అని ఉండి, పాస్‌వర్డ్ స్క్రామ్‌గా దాచి ఉంటే సర్వర్ సర్దుకుని స్క్రామ్ వాడుతుంది. నియమం స్క్రామ్ అని ఉండి, పాత పాస్‌వర్డ్ ఎండీ5గా దాచి ఉంటే మాత్రం కుదరదు, ఆ పాస్‌వర్డ్‌ను మళ్లీ పెట్టాలి. పాస్‌వర్డ్ అదే అయినా మళ్లీ పెట్టగానే పనిచేయడం చూసి అదేదో మాయ అనుకుంటారు. జరిగింది కొత్త పద్ధతిలో దాచడమే. క్లయింట్ వైపు పాస్‌వర్డ్ రాసి ఉంచే పీజీపాస్ ఫైలు అనుమతులు 0600 (యజమానికి మాత్రమే) కంటే విశాలంగా ఉంటే దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నిన్నటిదాకా పనిచేసింది

ఈ మాట వినగానే చాలామంది "ఎవరో ఏదో మార్చారు" అంటారు. ఎవరూ ఏమీ మార్చకుండానే ఆగిపోయే సందర్భం మైఎస్‌క్యూఎల్ 8.0లో ఒకటుంది, దాన్ని దగ్గరగా చూడటం అవసరం. 2018లో స్థిరపడిన ఆ వెర్షన్‌లో కొత్త ఖాతాలకు క్యాషింగ్-షా2-పాస్‌వర్డ్ పద్ధతి డిఫాల్ట్. మొదటిసారి కలిసేటప్పుడు పూర్తి పరీక్ష జరగాలి, దానికి టీఎల్‌ఎస్ గుప్తీకరణ గానీ, సర్వర్ ఆర్‌ఎస్‌ఏ తాళంచెవి గానీ కావాలి. ఒకసారి నెగ్గితే సర్వర్ ఆ ఫలితాన్ని మెమరీలో ఉంచుకుంటుంది, ఆ తర్వాత అదే ఖాతాతో గుప్తీకరణ లేకుండా వచ్చినా త్వరిత పరీక్షతో లోపలికి పంపుతుంది. ఇప్పుడు ఒక నిర్వాహకుడు టీఎల్‌ఎస్‌తో ఎప్పుడో ఒకసారి అదే ఖాతాతో కలిశాడనుకుందాం. టీఎల్‌ఎస్ లేని జావా అప్లికేషన్ ఆ తర్వాత నెలల తరబడి హాయిగా నడుస్తుంది. సర్వర్‌ను రీస్టార్ట్ చేయగానే ఆ మెమరీ ఖాళీ అవుతుంది, అప్లికేషన్ "పబ్లిక్ కీ రిట్రీవల్ ఈజ్ నాట్ అలౌడ్" అని ఆగుతుంది. నిర్వాహకుడు మళ్లీ లోపలికి వెళ్లి చూసి బయటికి రాగానే అదంతట అదే పనిచేస్తుంది. కారణం తెలియకపోతే ఇది దయ్యం పట్టినట్టే ఉంటుంది. తాళంచెవిని అడిగి తెచ్చుకునే అనుమతిని డ్రైవర్‌లో తెరిస్తే లోపం పోతుంది గానీ, మధ్యలో పొంచి ఉన్నవారు తమ తాళంచెవిని ఇచ్చే వీలు కలుగుతుంది. టీఎల్‌ఎస్‌ను ఆన్ చేయడమే గట్టి పరిష్కారం. పాత నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతికి వెనక్కి వెళ్లమనే సలహాకు కాలం చెల్లింది, 8.4లో అది డిఫాల్ట్‌గా ఆగిపోయింది, 9.0లో పూర్తిగా తీసేశారు.

రాత్రంతా పనిలేక ఉన్న కనెక్షన్లు పొద్దున్నే తెగి కనిపించడం ఇంకొకటి. మైఎస్‌క్యూఎల్ వెయిట్ టైమౌట్ 28800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో బయటికి దారి ఇచ్చే నాట్ గేట్‌వే అయితే 350 సెకన్లు కదలిక లేకపోతేనే ఆ దారిని మరిచిపోతుంది. ఇవి పాస్‌వర్డ్ లోపాలు కావు, పూల్ (తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడే కనెక్షన్ల గుంపు) అమరికల లోపాలు. 1129 నంబరుతో హోస్ట్‌ను సర్వర్ అడ్డుకోవడాన్ని కూడా తప్పు పాస్‌వర్డ్‌ల ఫలితంగా భావిస్తారు. అది లెక్కించేది మధ్యలో తెగిన కరచాలనాలను, అంటే కనెక్షన్ తెరిచేటప్పటి తొలి పలకరింపులను. పోర్టు తెరిచి ఏమీ మాట్లాడకుండా మూసేసే లోడ్ బ్యాలెన్సర్ ఆరోగ్య పరీక్షలు ఆ లెక్కను 100 దాటించగలవు.

సామర్థ్యం నిండిపోయిన లోపాలు తేలికగానే తెలుస్తాయి. మైఎస్‌క్యూఎల్ 1040 అంటుంది, పోస్ట్‌గ్రెస్ క్షమాపణ చెప్పి మరీ క్లయింట్లు ఎక్కువయ్యారంటుంది. డిఫాల్ట్ హద్దులు వరుసగా 151, 100 కనెక్షన్లు. హద్దు పెంచే ముందు ఏ అప్లికేషన్ ఎన్ని తెరిచి కూర్చుందో చూడాలి.

పాస్‌వర్డ్ మార్చవలసి వచ్చినప్పుడు

నిజంగానే పాస్‌వర్డ్ పోయి, మార్చక తప్పనప్పుడు పాత పాఠాల పట్ల జాగ్రత్త అవసరం. యూజర్ టేబుల్‌లోని పాస్‌వర్డ్ కాలమ్‌ను అప్‌డేట్ చేయమనే సూచనలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ కాలమ్ 5.7 నుంచే లేదు, పాస్‌వర్డ్ అనే ఫంక్షన్ 8.0లో లేదు. స్కిప్-గ్రాంట్-టేబుల్స్‌తో సర్వర్ లేపితే ఆ కాసేపూ ఎవరైనా ఏ పాస్‌వర్డూ లేకుండా రావచ్చు. 8.0 దానితోపాటు నెట్‌వర్క్‌ను కూడా మూసేస్తుంది గానీ, పాత వెర్షన్లలో ఆ పని మనమే చేయాలి. సుడోతో సాకెట్ ద్వారా వెళ్లే వీలుంటే ఇదంతా అనవసరం.

అతడు పాస్‌వర్డ్ మార్చిన అరగంట తర్వాతే మిగతా మూడు సర్వీసులు ఎందుకు పడ్డాయన్నది ఇప్పుడు చెప్పవచ్చు. పాస్‌వర్డ్‌ను పరీక్షించేది కనెక్షన్ తెరిచేటప్పుడే. అప్పటికే తెరిచి ఉన్నవి మార్పు తర్వాత కూడా నడుస్తూనే ఉంటాయి. 10.20.1 సబ్‌నెట్‌లోని ఆ మూడూ అదే బిల్లింగ్ ఖాతాను పంచుకుంటున్నాయి. జావా అప్లికేషన్లలో విస్తృతంగా వాడే హికారీ పూల్ ఒక కనెక్షన్‌ను డిఫాల్ట్‌గా 30 నిమిషాలకు మించి ఉంచదు. 11:20కి ముందు తెరిచినవన్నీ 11:50 లోపల ఒక్కొక్కటిగా ముగిసి, కొత్తవి తెరవబోయి, పాత పాస్‌వర్డ్‌తో తలుపు దగ్గర ఆగిపోయాయి. మార్పుకూ ఫలితానికీ మధ్య అరగంట ఉన్నప్పుడు ఆ రెండింటినీ ముడిపెట్టడం అర్ధరాత్రి ఎవరికైనా కష్టమే. ఇలాంటి ఇబ్బంది రాకుండా మైఎస్‌క్యూఎల్ 8.0.14 నుంచి ఒక ఖాతాకు రెండు పాస్‌వర్డ్‌లు కొంతకాలం చెల్లేలా చేసే వీలుంది. పాతదాన్ని నిలిపి ఉంచమని ఆల్టర్ యూజర్‌తో పాటే చెప్పి, సర్వీసులన్నీ కొత్తదానికి మారాక పాతదాన్ని తీసేయవచ్చు. ఆ సదుపాయం లేని పోస్ట్‌గ్రెస్‌లో ఒకే హక్కులున్న రెండు లాగిన్ రోల్స్ పెట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవడం ఆచరణలో బాగా పనిచేస్తుంది.

ఆ రాత్రి కావలసిన పని చిన్నది. మూడు సర్వీసుల కాన్ఫిగరేషన్‌లో ఇంకా ఉన్న పాత పాస్‌వర్డ్‌నే ఖాతాకు తిరిగి పెట్టి, బిల్లింగ్ కాన్ఫిగరేషన్‌లోనూ అదే రాయాలి. ఆ తర్వాత రీనేమ్ యూజర్ కమాండ్‌తో 'బిల్లింగ్'@'10.20.1.%' ఖాతాను 'బిల్లింగ్'@'10.20.%'గా మారిస్తే పాస్‌వర్డూ హక్కులూ చెక్కుచెదరకుండా ఉంటాయి, రెండు సబ్‌నెట్‌ల నుంచీ అదే ఖాతా అందుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: పాత పేరు డిఫైనర్‌గా (ఎవరి హక్కులతో నడవాలో చెప్పే ఖాతాగా) ఉన్న వ్యూలూ స్టోర్డ్ ప్రొసీజర్లూ ఈ కమాండ్‌తో మారవు కాబట్టి, వాటిని ముందుగా వెతికి చూసుకోవాలి. అవి ఉంటే ఖాతా పేరు మార్చకుండా, 10.20.2.% చోటుకు అవే హక్కులతో మరో ఖాతా చేయడమే క్షేమం.